ఆంగ్ల భాషాభాగములు

వాక్యమునందు పదము నిర్వహించు కార్యమునుబట్టి దానిని నామవాచకమనియు, సర్వనామమనియు, విశేషణమనియు, క్రియయనియు వర్గీకరించుటకు భాషాభాగ నిర్ణయమని పేరు. నేడు బడిపిల్లలు వల్లించు ఎనిమిది భాగములును ఆంగ్లమును పరిశీలించి కనుగొన్నవి కావు. గ్రీకుభాషకై పుట్టి లాటిను మీదుగా ఇంగ్లండు చేరినవి.

క్రీ. పూ. రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియా పండితుడగు డయొనీసియస్ థ్రాక్స్ పేరిట వెలసిన వ్యాకరణమున పదములు ఎనిమిది తెగలుగా విభజింపబడినవి. గ్రీకునందలి ఉపపదము (ఆర్టికల్) తమ భాషలో లేకపోగా, లాటిను వైయాకరణులు ఎనిమిదన్న లెక్క చెడకుండ ఆశ్చర్యార్థకమునకు ప్రత్యేకస్థానమొసగిరి. 1586లో విలియం బులోకర్ ప్రకటించిన తొలి ఆంగ్ల వ్యాకరణము ఆ లాటిను చట్రమునే స్వీకరించెను. 1761లో జోసెఫ్ ప్రీస్ట్లీ, అంతవరకు నామమున అంతర్భాగముగ నుండిన విశేషణమును వేరుపరచి, క్రియాజన్య విశేషణమును తొలగించెను. 1795లో లిండ్లీ మరే ఉపపదమును చేర్చి తొమ్మిదింటిని బోధించెను.

ఈ చట్రము ఆంగ్లమునకు సరిగా అమరకపోవుటకు బలమైన కారణము గలదు. ప్రాచీనాంగ్లమున ప్రేమయను నామము 'లుఫు', ప్రేమించుటయను క్రియ 'లుఫియన్'. పదాంతమును చూచినంతనే జాతి తెలియుచుండెడిది. కాలక్రమమున ఆ అంత్యప్రత్యయములు అరిగిపోగా రెండును 'లవ్' అను ఒక్క రూపమున కలిసిపోయినవి. కనుకనే 'రౌండ్' అను పదము 'థర్డ్ రౌండ్' అన్నచోట నామము, 'రౌండ్ టేబుల్' అన్నచోట విశేషణము, 'టు రౌండ్ ది కార్నర్' అన్నచోట క్రియ, 'టర్న్ రౌండ్' అన్నచోట క్రియావిశేషణము, 'రౌండ్ ది ఫైర్' అన్నచోట ప్రిపొజిషన్ అగుచున్నది. నిఘంటువు ఈ అయిదింటిని జాబితాగా చూపగలదే కాని, ఎదుటనున్న వాక్యమున ఏది వర్తించునో చెప్పజాలదు; అది స్థానమే చెప్పవలయును. 'ది' తరువాత నిలిచి బహువచనమును గ్రహించునది నామము. కాలమునుబట్టి రూపము మారునది క్రియ. అర్థమునుబట్టి చేయు నిర్వచనములకంటె ఈ పరీక్షలే నమ్మదగినవి.

ఈ మార్గమున మిక్కిలి దూరము పోయినవాడు అమెరికా భాషావేత్త చార్లెస్ ఫ్రీస్. టెలిఫోను సంభాషణలను ధ్వనిముద్రణము చేయించి, వాక్యములోని ఏ ఖాళీలో ఏ పదము ఇముడునో పరిశీలించి, 1952లో ప్రకటించిన గ్రంథమున పాత పేర్లను విడిచి నాలుగు వర్గములను, పదునైదు సహాయకపద సమూహములను ఏర్పరచెను. బడులలో ఆ వర్గీకరణము నిలువలేదు. మన విద్యార్థులు చేతబట్టిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణమున పాత ఎనిమిదే స్థిరపడినవి. తెలుగువానికి ఇందు కడు క్లేశకరమైనది ప్రిపొజిషన్: తన భాషలో నామమునకు వెనుక వచ్చు విభక్తి ప్రత్యయముల పనిని, ఆంగ్లమున నామమునకు ముందు నిలిచి అది నెరవేర్చును.