పంచాయతీ దాకా ఫైబర్ సరే.. ఇంటి దాకా తెచ్చేదెవరు?

బాన్సువాడ: పల్లెలకు బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చేందుకు కేంద్రం 2011లో ఓకే చేసిన ప్రాజెక్టే నేటి భారత్‌నెట్. పనులు లేట్ కావడంతో 2021లో 16 రాష్ట్రాల్లో ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికి రూ.19,041 కోట్లు ఇస్తామంది. ఆ లిస్టులో తెలంగాణ లేదు. ఆ టెండర్లూ వర్కౌట్ కాలేదు.

మన దగ్గర రూట్ వేరు. మిషన్ భగీరథ పైప్‌లైన్ల వెంబడే టీ-ఫైబర్ కేబుల్‌కు డక్ట్ వేశారు. దీంతో మళ్లీ తవ్వే ఖర్చు తప్పింది.

2023 ఆగస్టులో కేంద్రం రూ.1,39,579 కోట్లతో ప్లాన్ మార్చింది. పంచాయతీ నుంచి ఇంటికి కనెక్షన్ లోకల్ ఆపరేటర్ ఇస్తారు. ఆదాయం బీఎస్ఎన్ఎల్‌తో సగం సగం.

కనెక్షన్లు ఎక్కువుండే బాన్సువాడ లాంటి టౌన్‌లో ఇది గిట్టుబాటే. పది ఇళ్ల తండాకు లైన్ లాగేదెవరు, తెగితే కలిపేదెవరు అన్నదే అసలు ప్రశ్న.