కడలికి సెలవు, వేటగాడికి భృతి

వేట నిషేధ భృతి అంటే, సముద్రంలో వేట ఆపించినందుకు ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి ఇచ్చే డబ్బు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు మరబోట్లు, ఇంజను పడవలు కదలకూడదు. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలమది. ఒడ్డున కూర్చోమన్నది సర్కారు కనుక ఆ రెండు నెలల తిండి సంగతి కూడా సర్కారే చూడాలన్నది దీని వెనకున్న వాదన. ఏ పేరు పెట్టినా ఇది నిరుద్యోగ భృతే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాలు మారినా బతికి బట్టకట్టిన నిరుద్యోగ భృతి కూడా ఇదే.

2022 ఏప్రిల్ 4న పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైన భీమవరం పేరు చెబితే గుర్తొచ్చేది రొయ్యల చెరువులే గాని సముద్రం కాదు. జిల్లాకు దక్కిన తీరం ఇరవై కిలోమీటర్లకు మించదు. అది కూడా నరసాపురం, మొగల్తూరు మండలాల్లోనే ఉంది. పేరుపాలెం, పెదమైనవానిలంక వంటి ఊళ్లలో ఏప్రిల్ మధ్యకల్లా పడవలు ఇసుక మీదికి ఎక్కుతాయి. వలలు నీడపట్టుకు చేరతాయి. కలాసీలు చిరిగిన వలకళ్లు అల్లుకుంటూ, ఇంజనుకు మరమ్మతులు చేయించుకుంటూ, పడవకు రంగు వేసుకుంటూ రోజులు లెక్కపెట్టుకుంటారు.

పని లేనివాడికి రాజ్యం డబ్బు ఇవ్వాలన్న ఆలోచన తప్పనిసరి జాతీయ బీమాగా మారింది 1911లో, బ్రిటన్ జాతీయ బీమా చట్టంతో. అది ఫ్యాక్టరీ కార్మికుడిని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు: వారం వారం కొంత కట్టి, పని పోయినప్పుడు కొంత తీసుకోవాలి. పడవ మీద వాటాకు వెళ్లేవాడికి ఆ చొక్కా సరిపోదు. అతనికి జీతం లేదు, యజమాని ఇచ్చే కాగితం లేదు, పని ఎప్పుడు పోయిందో చెప్పే తేదీ కూడా లేదు. ఆ తేదీని సమకూర్చింది వేట నిషేధమే.

మన దేశంలో వర్షాకాలపు ట్రాలింగ్ నిషేధానికి 1988లో కేరళ దారి చూపింది. ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. తూర్పు తీరంలో నిషేధం మొదట ఏప్రిల్ 15 నుంచి మే 31 వరకు, అంటే 47 రోజులు ఉండేది. 2015లో కేంద్రం దాన్ని 61 రోజులు చేసింది. సాయం తొలినాళ్లలో బియ్యం రూపంలో ఉండి, తర్వాత నగదయింది. 2019 నాటికి అది కుటుంబానికి 4,000 రూపాయలు. ఆ ఏడాది నవంబరు 21న, ప్రపంచ మత్స్యకార దినోత్సవం నాడు, ముమ్మిడివరంలో ‘వైఎస్సార్ మత్స్యకార భరోసా’ పేరిట 10,000 అయింది. 2025 ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ‘మత్స్యకార సేవలో’ పేరిట 20,000కు చేరింది.

రోజుకు ఎంత పడుతుందో చూస్తే ఈ పెంపు అసలు విలువ తెలుస్తుంది. నాలుగు వేలను 61 రోజులకు పంచితే రోజుకు 66 రూపాయలు కూడా నిండవు. పది వేలయితే 164, ఇరవై వేలయితే 328. 2025-26లో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 307 రూపాయలు. ఖాళీగా ఉన్నందుకు ఇచ్చే డబ్బు మట్టి పని కూలిని దాటింది.

లబ్ధిదారుల సంఖ్య మాత్రం భృతి మొత్తం పెరిగినట్టు తిన్నగా పెరగలేదు. 2019లో 1,02,478 కుటుంబాలు, 2021లో 1,19,875. 2022లో అది 1,08,755కు పడిపోయింది. 2023లో 1,23,519కు లేచింది. 2025లో 1,29,178. ఒక్క ఏడాదిలో పదకొండు వేల కుటుంబాలు వేట మానేసి, మరుసటి ఏడాది దాదాపు పదిహేను వేల కుటుంబాలు పడవెక్కాయని అనుకోవడం కష్టం. ఈ అంకెలు సముద్రం మీది జనం కన్నా జాబితా రాసిన తీరునే ఎక్కువ చూపుతాయని చదవడం సబబు.

ఆ జాబితా రాసేది నిషేధం మొదలైన రోజుల్లోనే. మత్స్యశాఖ సిబ్బంది, గ్రామ సచివాలయ ఉద్యోగులు రేవుకు వస్తారు. పడవ ఒడ్డున కనిపించాలి. దాని మీద రాసిన రిజిస్ట్రేషన్ నంబరు చెరగకుండా ఉండాలి. ఆ నంబరులో ‘ఎంఎం’ ఉంటే మరబోటు, ‘ఎంఓ’ ఉంటే ఇంజను బిగించిన పడవ, ‘ఎన్ఎం’ ఉంటే తెడ్డు, తెరచాపలతో నడిచే తెప్ప. పడవ రకాన్ని బట్టి ఎంతమంది కలాసీలను రాయాలో నిర్ణయిస్తారు. వాళ్లు ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకంతో పడవ పక్కన నిలబడాలి. తర్వాత పేర్లు సచివాలయం గోడ మీదికి ఎక్కుతాయి, అభ్యంతరాలు మొదలవుతాయి. ఫలానావాడు వేటకు వెళ్లి ఎన్నేళ్లయిందో ఊళ్లో అందరికీ తెలుసు, చెప్పేవాళ్లు తక్కువ.

ఈ చిక్కు ఆంధ్రకే పరిమితం కాదు. చేపల సంతానోత్పత్తి కాలంలో చేతివల జాలర్లకు కనీస వేతనం ఇచ్చే చట్టం బ్రెజిల్‌లో 1991లో వచ్చింది. 2003లో అర్హత నిబంధనలు సడలించాక అక్కడ పుచ్చుకునేవాళ్ల సంఖ్య లక్షల్లోకి పోయింది. నిజంగా వల పట్టేవాళ్లెవరన్న తగవు అక్కడ ఇప్పటికీ తెగలేదు.

మిగతా నిరుద్యోగ భృతులకు ఈపాటి లెక్క కూడా లేదు. 2005 ఉపాధి హామీ చట్టం, అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలంది. పశ్చిమ గోదావరికి ఆ పథకం చివరి విడతలో, 2008లో వచ్చింది. పని దొరికినవాళ్లు కోట్లలో ఉన్నా, ఆ భృతి అందుకున్నవాళ్లు దేశమంతా వెతికినా కొద్దిమందే. చదువుకున్న యువతకు 2018 అక్టోబరు 2న ‘ముఖ్యమంత్రి యువనేస్తం’ నెలకు వెయ్యి రూపాయలతో మొదలైంది. 2019లో అది రెండు వేలయింది. ఆ ఏడాదే ప్రభుత్వం మారి పథకం ఆగిపోయింది. అక్కడ పని లేదని రుజువు చేసుకోవాల్సింది అభ్యర్థి. వేటగాడి విషయంలో ఆ రుజువు ప్రభుత్వ ఉత్తర్వే.

అందుకే భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో రొయ్యలు పట్టే కూలీలు ఈ భృతి పరిధిలోకి రారు. తెగులు సోకి, ధర పడిపోయి, చెరువు ఎండగట్టినప్పుడు వాళ్లకూ పని ఉండదు. కాని ఆపమని ఏ ఉత్తర్వూ వెలువడదు. వేట ఆగిన రెండు నెలలూ చేపల గంప ఎత్తడానికి సరుకు లేని ఆడవాళ్ల పేర్లూ పడవల జాబితాలో ఉండవు.