సిగరెట్ పెట్టెలోంచి వేలంపాట దాకా

పాత ఆటగాళ్ల కార్డులు పోగుచేయాలని ముచ్చటపడేవాళ్లు సాధారణంగా ముందు ధరలు వెతుకుతారు. నేనైతే వాటి పుట్టుక తెలుసుకోమంటాను. ఏ కార్డు ఎందుకు మిగిలిందో, ఏది ఎందుకు మాయమైందో తెలిస్తేనే ధర ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది.

1880ల అమెరికాలో సిగరెట్లు మెత్తటి కాగితపు పెట్టెల్లో వచ్చేవి. నలిగిపోకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవారు. దానిమీద బొమ్మ వేస్తే సరుకు ఇంకాస్త అమ్ముడవుతుందని కంపెనీలు గ్రహించాయి. రిచ్‌మండ్‌లోని అలెన్ అండ్ గింటర్ 1887లో తెచ్చిన 50 కార్డుల్లో పదిమంది బేస్‌బాల్ ఆటగాళ్లున్నారు. 1896లో ఇంగ్లండ్‌లో విల్స్ కంపెనీ క్రికెటర్ల బొమ్మలు వేసింది.

1909-11 మధ్య సిగరెట్లతో వచ్చిన టి206 అనే కార్డుల వరుసలో బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు అచ్చు మధ్యలోనే ఆగిపోయింది. పిల్లలు పొగాకు కొనడం ఆయనకు నచ్చలేదని కొందరు, డబ్బు దగ్గర పేచీ వచ్చిందని కొందరు అంటారు. కారణమేదైనా, మిగిలినవి కొన్ని పదులే. 2022లో ఒకటి 72.5 లక్షల డాలర్లకు పోయింది.

టి206 అన్న పేరు పొగాకు కంపెనీ పెట్టింది కాదు. సిరక్యూస్‌లో ఉద్యోగం చేసుకునే జెఫర్సన్ బర్డిక్ అనే సేకర్త తన కార్డుల కేటలాగ్‌లో ఇచ్చిన గుర్తు అది. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోతున్నా, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకు తానిచ్చిన మూడు లక్షలకు పైగా కాగితపు బొమ్మలను ఏళ్ల తరబడి స్వయంగా ఆల్బమ్‌లలో అంటించాడు. 1963 జనవరిలో పని ముగించాడు, మార్చిలో కన్నుమూశాడు. ఈ అభిరుచికి అసలు పెద్దదిక్కు ఆయనే. వేలంపాటల హోరులో ఆ పేరు వినబడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

తర్వాత కార్డులు పొగాకును వదిలి బబుల్ గమ్‌ను పట్టుకున్నాయి. 1933లో గౌడీ కంపెనీ, 1952లో టాప్స్ కంపెనీ గమ్‌తో పాటు బేస్‌బాల్ కార్డులు తెచ్చాయి. ఆ ఏడాది టాప్స్ చివరి విడత ఆలస్యంగా బజారుకు వచ్చేసరికి పిల్లలు ఫుట్‌బాల్‌లో పడ్డారు. అమ్ముడుపోని పెట్టెలను 1960లో టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ పడవకెత్తించి అట్లాంటిక్‌లో పారబోయించాడు. ఆ విడతలోదే బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ కార్డు. 2022లో ఒక ప్రతి 1.26 కోట్ల డాలర్లు పలికింది.

కొనేటప్పుడు నాలుగు మూలలు, అంచులు, బొమ్మ చుట్టూ తెల్లని హద్దు సమంగా ఉందా లేదా చూడాలి. మూలలు మరీ పదునుగా ఉంటే కత్తిరించారేమోనని అనుమానించాలి. అత్యంత ప్రసిద్ధమైన వాగ్నర్ కార్డు అంచులనే కోసినట్టు, దాన్ని అమ్మిన వ్యాపారి 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. కార్డుల నాణ్యతను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ నుంచి ఆ కార్డుకు అప్పటికే మంచి గ్రేడు కూడా వచ్చింది. కాబట్టి సర్టిఫికెట్ ఉన్నా కళ్లు తెరిచే ఉంచండి.

మొదటి కార్డుగా అంతగా పేరులేని ఆటగాడిది, కాస్త అరిగిందే కొనండి. ఆనాటి అట్ట, ఆనాటి అచ్చు ఎలా ఉంటాయో చేతికి తెలిశాకే పెద్ద పేర్ల జోలికి వెళ్లండి.