రాజమండ్రి నల్లరాయిలో తారుమారైన ఉత్తర దిక్కు

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లకు రాజమండ్రి బాగా తెలిసిన స్టేషనే. అక్కడ గోదావరికి తూర్పు గట్టున కాతేరు, పడమటి వైపు పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో తవ్వే నల్లరాయి నిజానికి గడ్డకట్టిన లావా. కింద ఒక లావా పొర, పైన ఇంకొకటి, మధ్యలో మట్టి, సున్నపురాయి. కింది లావా చల్లారిన నాడు దిక్సూచి ఉండి ఉంటే, దాని ఉత్తరపు కొస దక్షిణాన్ని చూపేది. పై లావా నాటికి అది మళ్లీ ఉత్తరానికి తిరిగింది.

ఈ సంగతి రాయి ఎలా చెబుతుంది? బసాల్ట్‌లో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం సన్నని రేణువులుగా ఉంటుంది. 580 డిగ్రీల సెల్సియస్ దాటితే దానిలో అయస్కాంతత్వం నిలవదు. టైటానియం కలిసి ఉంటే ఈ హద్దు ఇంకా తక్కువ. వేడి అంతకంటే దిగినప్పుడు భూమి అయస్కాంత క్షేత్రం ఏ దిశలో ఉంటే ఆ దిశ రేణువుల్లో స్థిరపడిపోతుంది. రేణువులే దిక్సూచి ముల్లులా తిరుగుతాయనుకుంటే పొరపాటు. అప్పటికే రాయి గట్టిపడింది. మారేది రేణువు లోపలి అయస్కాంతత్వమే.

నమూనా తీసేముందే రాయి మీద ఉత్తర దిక్కు, వాలు గుర్తు పెట్టాలి. ఆ గుర్తు లేని ముక్క ఎంత తాజాదైనా ఈ పనికి రాదు. క్రషర్‌లో పడి కంకరైన రాయి సంగతి చెప్పనక్కర్లేదు. ల్యాబ్‌లో దశలవారీగా వేడిచేసి, ఆ తర్వాతి కాలంలో పిడుగుల వల్ల, నేటి క్షేత్రం వల్ల అంటుకున్న అయస్కాంతత్వాన్ని తొలగిస్తారు.

1906లో ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ బ్రూన్ ఇలాంటి తిరగబడ్డ రాళ్లను గుర్తించాడు. ఇది కాలంతో ముడిపడిన మార్పని 1929లో జపాన్ శాస్త్రవేత్త మతుయామా చూపించాడు. ఆఖరిసారి ధ్రువాలు మారింది సుమారు 7.8 లక్షల ఏళ్ల క్రితం.

అయితే రాయి చెప్పేది రెండే మాటలు: ఇటు, లేదా అటు. ఎన్నో మార్పుల్లో ఇది ఏదో తేల్చాలంటే వేరే సాక్ష్యం కావాలి. రాజమండ్రిలో ఆ సాక్ష్యం మధ్య పొరలోనే ఉంది. డైనోసార్లు అంతరించిన కొద్దికాలానికి బతికిన సూక్ష్మ సముద్రజీవుల శిలాజాలు అందులో దొరికాయి. దాంతో కింది లావా 29ఆర్ అనే తిరగబడ్డ కాలానిదని, పైది 29ఎన్ అనే మామూలు కాలానిదని తేలింది. ఈ రెంటి హద్దు సుమారు 6.57 కోట్ల ఏళ్ల నాటిది. పడమటి కనుమల్లో మహాబలేశ్వర్ వైపు లావాల్లోనూ ఇదే వరుస, రసాయన కూర్పూ దాదాపు అదే. అందుకే ఆ లావా దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరిందని కొందరు భూగర్భ శాస్త్రవేత్తలు వాదిస్తారు.

ఖరగ్‌పూర్‌కు ఉత్తరాన, ఝార్ఖండ్‌లోని రాజ్‌మహల్ కొండలూ లావావే. వయసు పదకొండు కోట్ల ఏళ్లకు పైమాటే. కానీ అక్కడ తిరగబడ్డ పొర కోసం వెతికి లాభం లేదు. సుమారు 12.1 కోట్ల నుంచి 8.3 కోట్ల ఏళ్ల క్రితం దాకా ధ్రువాలు దాదాపు కదలకుండా ఉండిపోయాయి. రాజ్‌మహల్ లావా ఆ నిడివిలోనే పొంగింది.