పెట్టె చిక్కింది, వాట్లు బలిశాయి

1926లో అమెరికా మార్కెట్‌కు వచ్చిన రేడియోలా 104 అనే లౌడ్‌స్పీకర్‌లోని యాంప్లిఫయర్ బలం ఒక్క వాట్. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెల్లాగ్ అంతకు ముందు ఏడాదే కాయిల్, కోన్ కలిపిన కొత్త స్పీకర్‌ను లోకానికి చూపించారు. దాన్ని ఇంట్లో మోగించడానికి ఆ ఒక్క వాటే చాలనుకున్నారు. డెబ్భై ఏళ్లు తిరిగేసరికి, 1996లో, బాబ్ కార్వర్ సన్‌ఫైర్ పేరుతో, లోతైన బేస్ మాత్రమే పలికే ఒక సబ్‌వూఫర్ అమ్మకానికి పెట్టాడు. ఎటు కొలిచినా పదకొండు అంగుళాలే ఉన్న ఘనాకారపు డబ్బా అది. లోపలి యాంప్లిఫయర్ మాత్రం 2700 వాట్లని ప్రకటన.

ఈ డెబ్భై ఏళ్లలో మనిషి చెవి మారలేదు. మారింది పెట్టె. ఇంట్లో సొంతంగా సబ్‌వూఫర్ కట్టుకునేవాళ్లు "ఎన్ని వాట్ల యాంప్లిఫయర్ తీసుకోవాలి?" అని అడిగినప్పుడల్లా తరానికో జవాబు రావడానికి అసలు కారణం అదే.

అమెరికాలోని అర్కన్సా రాష్ట్రం, హోప్ అనే చిన్న ఊళ్లో పాల్ క్లిప్ష్ 1946 నుంచి అమ్మిన క్లిప్ష్‌హార్న్‌ను చూడండి. గది మూలలో బీరువాలా తిష్ఠ వేసే స్పీకర్ అది. బేస్ పలికించే 15 అంగుళాల వూఫర్ ముందు చెక్కతో మడతలు మడతలుగా కట్టిన హార్న్, ఆ హార్న్‌కు కొనసాగింపుగా గది గోడలే. ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో దాదాపు 104 డెసిబెల్స్ పలికేది. దేశానికి కావలసింది ఐదు వాట్ల మంచి యాంప్లిఫయర్ అని క్లిప్ష్ అనేవాడంటే అందులో అతిశయమేమీ లేదు. మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లో వైర్‌లెస్ వరల్డ్ పత్రిక డి.టి.ఎన్. విలియమ్‌సన్ రూపొందించిన వాల్వు యాంప్లిఫయర్ సర్క్యూట్‌ను అచ్చు వేసింది. దాని బలం 15 వాట్లు. ఎన్నో దేశాల్లో సొంతంగా కట్టుకునేవాళ్లు ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టించుకుని మరీ దాన్ని తయారుచేసుకున్నారు. ఆ కాలంలో అది దండిగా ఉన్న బలం.

ఆ లెక్కను తారుమారు చేసినవాడు ఎడ్గర్ విల్చర్. హెన్రీ క్లాస్‌తో కలిసి 1954లో అతను తెచ్చిన ఏఆర్-1 స్పీకర్‌లో 12 అంగుళాల వూఫర్‌ను గాలి చొరబడని చిన్న పెట్టెలో బిగించారు. లోపల చిక్కిన గాలే స్ప్రింగులా పనిచేసి కోన్‌ను వెనక్కి లాగుతుంది. బీరువాలంత పెట్టెల నుంచి వచ్చే బేస్ పుస్తకాల అరలో పట్టే పెట్టెలోంచి వచ్చేసరికి జనం నోరెళ్లబెట్టారు. దానికి కట్టిన మూల్యం ఒకటుంది. అంతే చప్పుడుకు చాలా ఎక్కువ కరెంటు కావాలి.

ఈ బేరాన్ని సూత్రంగా చెప్పినవాడు ఆంటన్ హాఫ్‌మన్. కేఎల్‌హెచ్ కంపెనీ పేరులోని చివరి అక్షరం అతనిదే. లోతైన బేస్, చిన్న పెట్టె, తక్కువ కరెంటు: ఈ మూడింటిలో రెండే దక్కుతాయి, మూడోది వదులుకోవాలి. అంకెల్లో చూస్తే దీని కాఠిన్యం తెలుస్తుంది. బేస్ లోతు మారకుండా పెట్టె లోపలి జాగా సగం చేస్తే వాట్లు రెట్టింపు కావాలి. పెట్టె అంతే ఉంచి 40 హెర్ట్జ్ బదులు 20 దాకా దిగాలంటే ఎనిమిది రెట్లు కావాలి.

ట్రాన్సిస్టర్ రాకపోయుంటే ఈ సూత్రం దగ్గరే కథ ఆగిపోయేది. 1970ల మొదట్లో అదే కార్వర్ ఫేజ్ లీనియర్ 700 అనే యాంప్లిఫయర్ తెచ్చాడు. ఒక్కో చానల్‌కు 350 వాట్లు. వాట్లు చవకయ్యాయి. చవకైన సరుకు మీద అబద్ధాలూ పెరుగుతాయి కదా, కంపెనీలు నోటికొచ్చిన అంకెలు అచ్చు వేయడం మొదలుపెట్టాయి. చివరికి 1974లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషన్ జోక్యం చేసుకుని, నిలకడగా ఇవ్వగల వాట్లనే ప్రకటించాలని నిబంధన పెట్టింది.

దాదాపు అదే కాలంలో, ఏ ఆర్భాటమూ లేకుండా, ఇంకో పెద్ద మలుపు వచ్చింది. ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ 1961లోనే రాసిన వ్యాసం 1971లో అమెరికన్ పత్రికలో మళ్లీ అచ్చయింది. సిడ్నీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాల్ ఆ పనిని ముందుకు తీసుకెళ్లాడు. అప్పటిదాకా పెట్టె కట్టడమంటే కోయడం, వినడం, మళ్లీ కోయడమే. ఇకపై వూఫర్‌కు సంబంధించిన నాలుగైదు కొలతలు తెలిస్తే రంపం పట్టకముందే పెట్టె ఎలా పలుకుతుందో కాగితం మీద తేల్చవచ్చు. సొంతంగా కట్టుకునేవాళ్లకు థీల్, స్మాల్ చేసిన మేలు ఏ యాంప్లిఫయర్ కంపెనీ చేయలేదు.

ఇంతకీ అంత బేస్ ఇళ్లలో ఎవరికి కావలసి వచ్చింది? సినిమా వాళ్లు అలవాటు చేశారు. 1974 నవంబరులో విడుదలైన 'ఎర్త్‌క్వేక్' కోసం యూనివర్సల్ స్టూడియో సెన్‌సరౌండ్ పద్ధతి తెచ్చింది. భూకంపం రాగానే హాల్లో భారీ స్పీకర్లు కుర్చీలను వణికించేవి. హాలీవుడ్‌లోని పేరుమోసిన చైనీస్ థియేటర్‌లో పైకప్పు సున్నం పెచ్చులు ప్రేక్షకుల మీద పడకుండా వల కట్టారు. 1987లో టామ్లిన్‌సన్ హోల్మన్ ఐదు చానళ్లకు తోడు బేస్‌కు వేరే చానల్ ఉండే 5.1 అనే ఏర్పాటును ప్రతిపాదించాడు. 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో అది డాల్బీ డిజిటల్ రూపంలో థియేటర్లకెక్కింది, తర్వాత డీవీడీలతో ఇళ్లలో విస్తరించింది. ఆ ".1" అన్న బేస్ చానల్‌కు మిగతా ఒక్కో చానల్ కంటే 10 డెసిబెల్స్ ఎక్కువ చోటిచ్చారు. వినడానికి చిన్న అంకె. అదే స్పీకర్ నుంచి 10 డెసిబెల్స్ ఎక్కువ రాబట్టాలంటే పది రెట్ల వాట్లు కావాలి.

వంద వాట్లు చాలనుకున్నవాళ్లు వెయ్యి వాట్ల వేటలో పడింది ఇక్కడే. చాలామంది పప్పులో కాలేసిందీ ఇక్కడే. 12 అంగుళాల వూఫర్ ఒకటి మూసిన పెట్టెలో నేల మీద ఉందనుకుందాం. కోన్ ముందుకు 12, వెనక్కి 12 మిల్లీమీటర్లు కదలగలదు. 40 హెర్ట్జ్ దగ్గర మీటరు దూరంలో అది దాదాపు 108 డెసిబెల్స్ ఇస్తుంది. 20 హెర్ట్జ్ దగ్గర 96కు పడిపోతుంది. నాలుగు గోడల గది కాస్త కలిసొస్తుందనుకున్నా, కోన్ కదలాల్సినంతా కదిలాక ఇంకా వాట్లు కుక్కితే పెరిగేది శబ్దం కాదు, వాయిస్ కాయిల్ వేడి. మీటరు దూరంలో ఒక వాట్‌కు 88 డెసిబెల్స్ ఇచ్చే వూఫర్ తనకందిన కరెంటులో అర శాతం కూడా శబ్దంగా మార్చదు. మిగతాదంతా వేడే. రెండో వూఫర్ పక్కన చేర్చి, దానికీ అంతే కరెంటు ఇస్తే 6 డెసిబెల్స్ కలిసొస్తాయి. మొదటి వూఫర్‌కే వాట్లు రెట్టింపు చేస్తే గట్టిగా 3.

మన దేశంలో ఈ వాట్ల వేలంవెర్రి ఇంకో వేషం వేసింది. 1990లలో టూ-ఇన్-వన్‌ల మీద, ఆ తర్వాత కంప్యూటర్ స్పీకర్ల మీద వందల్లో, వేలల్లో పీఎంపీఓ అంకెలు మెరిసేవి. రెప్పపాటు కూడా నిలవని శిఖరాన్ని లెక్కగట్టి, దాన్ని ఇష్టమొచ్చినట్టు పెంచి వేసిన అంకెలవి. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ లాంటి చోట్ల విడిభాగాలు కొని సబ్‌వూఫర్ కట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఆ జాతి స్టిక్కర్లను దాటుకుని వెళ్లాల్సిందే. 5200, 1943 ట్రాన్సిస్టర్ల జోడీలు వరసగా బిగించిన బోర్డు మీద వెయ్యి వాట్లని రాసి ఉండవచ్చు. దానికి కరెంటు పెట్టేది 24-0-24 వోల్టుల, 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ అయితే అది నిలకడగా ఇవ్వగలిగేది 240 వోల్ట్-ఆంపియర్లే. అందులోనూ కొంత హీట్ సింక్ మింగేస్తుంది. స్పీకర్‌కు చేరేది ఇంకా తక్కువ.

కొనబోయేవాళ్లు వరస తిరగేస్తే డబ్బు మిగులుతుంది. ముందు గదిలో ఎంత పెట్టెకు చోటుందో కొలవండి. ఆ పెట్టెలో ఇమిడే వూఫర్ కోన్ ఎంత దూరం కదలగలదో దాని కాగితంలో చూడండి. విన్‌ఐఎస్‌డీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ కొలతలు వేస్తే ఎన్ని వాట్ల దగ్గర కోన్ హద్దు దాటుతుందో గీత గీసి చూపిస్తుంది. అంతకు కొంచెం ఎక్కువ నిలకడ బలమున్న యాంప్లిఫయర్ చాలు. దుకాణంలో డబ్బు ఇచ్చే ముందు పైమూత తీయించి, ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చదవండి.