రేగడి నేల – పునాది చరిత్ర

గుంటూరు, ప్రకాశం, కర్నూలు ప్రాంతాల నల్లరేగడి, మాంట్‌మోరిల్లోనైట్ అనే బంకమట్టి ఖనిజం అధికంగా ఉండటం చేత, వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. తేమను పట్టి ఉంచే ఈ గుణం పత్తికీ శనగకూ మేలు చేసినా, గోడలను మాత్రం చీల్చివేసింది. అందువల్ల పునాది కింది రేగడిని తవ్వి తీసి, అంతగా ఉబ్బని మొరం, అంటే రాతిపొడి కలిసిన గరుకు మట్టి నింపడం వాడుక కాగా, స్వాతంత్ర్యానంతరం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, అడుగుభాగం వెడల్పయ్యే 'అండర్‌రీమ్డ్' కాంక్రీటు స్తంభాలను, తేమ మార్పులు అంతగా సోకని సుమారు 3.5 మీటర్ల లోతున నిలిచేలా రూపొందించింది; రేగడిపై కట్టడానికి ఇంతకు మించిన భరోసా అరుదు. మరుగుదొడ్డి గుంతలకు మాత్రం రేగడి మరో ఇబ్బంది తెస్తుంది: తడిసిన రేగడిలో నీరు అతి నెమ్మదిగా ఇంకుతుంది గనుక, ఎర్రనేలలో చక్కగా పనిచేసే ఇంకుడు గుంత ఇక్కడ వానాకాలంలో పొంగుతుంది.