4294967297 (సంఖ్య)

4294967297 (నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు) ఒక బేసి సంయుక్త సంఖ్య. ఇది 2³² + 1 నకు సమానము. 3తో మొదలగు ఫెర్మా సంఖ్యలలో ఇది ఆరవది. ఆ వరుసలో ప్రధాన సంఖ్య కానిది మొట్టమొదట ఇదే.

చరిత్ర

2 యొక్క ఘాతమును ప్రతిసారి రెట్టింపు చేయుచు 1 కలిపినచో 2¹+1 = 3, 2²+1 = 5, 2⁴+1 = 17, 2⁸+1 = 257, 2¹⁶+1 = 65537 వచ్చును. ఈ అయిదును ప్రధాన సంఖ్యలే. దీనిని గమనించిన ఫ్రెంచి గణితజ్ఞుడు పియరీ డి ఫెర్మా, ఈ వరుసలోని సంఖ్యలన్నియు ప్రధాన సంఖ్యలేయని 1640లో అభిప్రాయపడెను. నిరూపణ మాత్రము ఇవ్వలేకపోయెను. తరువాతి సంఖ్యయే 4294967297. దీనిని పరీక్షించుటకు 65536 లోపు గల 6542 ప్రధాన సంఖ్యలతో ఒక్కొక్కటిగా భాగించి చూడవలెను. చేతితో చేయువారికి అది సామాన్యమైన పని కాదు.

1732లో లియోనార్డ్ ఆయిలర్ ఈ సంఖ్యను 641 నిశ్శేషముగా భాగించునని చూపెను.

4294967297 = 641 × 6700417

ఈ రెండు కారణాంకములును ప్రధాన సంఖ్యలే. ఈ సంఖ్యకు గల ఏ ప్రధాన కారణాంకమైనను 64 యొక్క గుణిజమునకు 1 కలిపిన రూపములోనే ఉండునని ఆయిలర్ తరువాత నిరూపించెను. అట్టి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అనగా అయిదవ ప్రయత్నములోనే ఫలితము దక్కును! విచిత్రమేమనగా, ఈ నియమమునకు ఆధారము ఫెర్మా స్వయముగా కనుగొన్న సిద్ధాంతమే. ఆయన దానిని ఇచ్చట ప్రయోగించి చూచినట్లయితే తన పొరపాటు తనకే తెలిసియుండెడిది.

భాగహారము లేని నిరూపణ

641ని రెండు విధములుగా వ్రాయవచ్చును: 5⁴ + 2⁴ (625 + 16), మరియు 5 × 2⁷ + 1 (640 + 1). మొదటి దానిని 2²⁸ చే గుణించగా 5⁴ × 2²⁸ + 2³² వచ్చును. ఇది 641 యొక్క గుణిజము. రెండవ దాని నుండి, (5 × 2⁷)⁴ − 1, అనగా 5⁴ × 2²⁸ − 1 కూడ 641 యొక్క గుణిజమే. మొదటి దాని నుండి రెండవదానిని తీసివేయగా మిగులునది 2³² + 1. పదవ తరగతి విద్యార్థి కూడ కాగితముపై దీనిని సరిచూచుకొనవచ్చును.

రెండు వర్గముల మొత్తము

4294967297 = 65536² + 1² = 62264² + 20449²

ఒక ప్రధాన సంఖ్యను రెండు వర్గముల మొత్తముగా ఒకటి కంటె ఎక్కువ విధములుగా వ్రాయుట అసాధ్యము. కావున కారణాంకములు తెలియకున్నను, పై సమానత ఒక్కటే ఇది సంయుక్త సంఖ్యయని చాటుచున్నది. 641 = 25² + 4², 6700417 = 2556² + 409² అని తీసుకొని, 7వ శతాబ్దమున బ్రహ్మగుప్తుడు చెప్పిన సూత్రముచే గుణించినచో పై రెండు రూపములును లభించును. 20449 మరల 143 యొక్క వర్గమగుట మరియొక వింత.

ఇతర విశేషములు

* మొదటి అయిదు ఫెర్మా సంఖ్యల లబ్ధము 4294967295. దానికి 2 కలిపిన ఈ సంఖ్య వచ్చును.
* చదరంగపు గళ్ళలో 1, 2, 4, 8 చొప్పున గింజలు పేర్చు కథలో, సగము బల్ల (32 గళ్ళు) నిండుసరికి మొత్తము గింజలు 4294967295. 32 బిట్ల కంప్యూటరు పదములో ఇముడు అతి పెద్ద ధన పూర్ణ సంఖ్యయు అదే. కావున 4294967297 అందులో ఇమడదు.
* 4294967297 తరువాతి ఫెర్మా సంఖ్యలలో పరీక్షకు లొంగినవన్నియు సంయుక్త సంఖ్యలుగానే తేలినవి. 65537 తరువాత ఒక్క ఫెర్మా ప్రధాన సంఖ్యయు ఇంతవరకు దొరకలేదు. ఇక లేవని నిరూపించినవారును లేరు.